ఇంకా

జంషెడ్‌పూర్‌లోని మా కద్మాలో నేను పొద్దున్నే నడకకు వెళ్లే దారిలో ఒక టెన్నిస్ కోర్టు ఉంది. ఎర్రమట్టి కోర్టు. చుట్టూ ఇనప వల కంచె, కంచె మీదికి ఒరిగిన రెండు తురాయి చెట్లు. ఫ్యాక్టరీలో 'ఏ' షిఫ్టు మొదలయ్యే ఆరు గంటల వేళకి అక్కడ ఒకావిడ ఆడుతూ కనిపిస్తుంది. యాభై దాటి ఉంటాయి. జుట్టు బిగించి ముడి వేసుకుని, మోకాలికి నల్లటి పట్టీ తొడుక్కుని నిలబడుతుంది. అవతలి నుంచి మార్కర్ బుట్టలోంచి ఒక్కొక్క బంతీ అందిస్తుంటాడు, ఈవిడ ఒక్కొక్కటీ కొట్టి పంపుతుంటుంది. గెలవడానికి అక్కడ ఎవరూ లేరు, చూడ్డానికీ లేరు. తురాయి పూలు కోర్టులో రాలితే మార్కర్ వచ్చి ఏరి పక్కన పడేస్తాడు, మళ్లీ మొదలు. రాకెట్ తగిలిన చప్పుడు మా వీధి మలుపు దాకా వినిపిస్తుంది. ఆ చప్పుడుతోనే నాకు తెల్లవారుతుందని చెప్పినా అబద్ధం కాదు.

మొన్నొక రోజు నాతో నడుస్తున్న అప్ప కంచె దగ్గర ఆగి చూసింది. అప్ప మా వెనక వీధిలోనే ఉంటుంది, టెక్కలి దగ్గరి మనిషి, మా ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ముందుగా చారుగిన్నెతో గుమ్మంలో ప్రత్యక్షమయ్యే మనిషి. చూసి, "ఇంకా ఆడతందేటి ఈవిడ?" అంది. అంతే. మళ్లీ కూరగాయల ధరల్లోకి వెళ్లిపోయింది. ఆ గొంతులో వెక్కిరింపు లేదు, ఒట్టి ఆశ్చర్యం. మరి నా చెప్పులో రాయిలా ఆ మాట ఎందుకు ఉండిపోయింది? ఇంటికొచ్చి కాఫీ పెట్టుకుంటున్నా, మధ్యాహ్నం బట్టలు మడత పెడుతున్నా అదే మాట. ఇంకా. ఇంకా ఆడతందేటి.

ఈ ఊళ్లో మేం మూడు తరాలుగా నాలుగైదు భాషల మధ్య బతుకుతున్నాం. తాతయ్య పలాస వైపు పల్లె నుంచి రైలెక్కి దిగిన స్టేషన్‌ని మా మామ్మ చివరిదాకా కాలీమట్టి అనే పిలిచింది. టాటానగర్ అనే పేరు ఆమె నాలుకకి ఎక్కనే లేదు. ఇన్ని భాషలు చెవిన పడుతుంటే ఒక మాటని ఇంకో భాషలో పెట్టి చూసే అలవాటు దానంతటదే వస్తుంది. మన 'ఇంకా'కి హిందీలో రెండు మాటలు కావాలి. వడ్డించేవాళ్లు అడిగేది 'ఔర్'. కంచె దగ్గర ఆగి ఆశ్చర్యపడేవాళ్లు అనేది 'అభీ భీ'. మా బెంగాలీ పక్కింటివాళ్లకీ అంతే, 'ఆరో' వేరు, 'ఎఖనో' వేరు. మనకి రెంటికీ ఒక్కటే. మామ్మ గరిటె పైకెత్తి పట్టుకుని "ఇంకా?" అనేది. ఆ 'ఇంకా'లో ఎంత చోటు ఉండేదో. అదే మామ్మ, పెళ్లి కాని మా చిన్నత్త గురించి మాట్లాడేటప్పుడు "ఇంకా..." అని ఊరుకునేది. ఆ 'ఇంకా'లో ఊపిరి ఆడేది కాదు. గరిటె చేతిలో ఉన్న 'ఇంకా', గరిటె లేని 'ఇంకా'. ఒక్క మాట ఇంత దూరం ఎలా నడవగలిగింది? లేక ఆ రెండూ నేననుకున్నంత దూరంలో లేవా?

2025 జూలైలో వీనస్ విలియమ్స్ వాషింగ్టన్‌లో ఒక సింగిల్స్ మ్యాచ్ గెలిచింది. అప్పటికి ఆమెకి 45 ఏళ్లు. పదహారు నెలలు ఆటకి దూరంగా ఉండి తిరిగొచ్చింది. ఆ స్థాయి టోర్నీలో ఆమె కన్నా పెద్ద వయసులో సింగిల్స్ మ్యాచ్ గెలిచిన మహిళ ఒక్కరే ఉన్నారు. 2004 వింబుల్డన్ మొదటి రౌండ్లో గెలిచిన మార్టినా నవ్రతిలోవా, 47 ఏళ్లకి. ఫోన్‌లో ఆ వార్త మా వారికి చూపిస్తే ఆయన కూడా అచ్చం అప్పలాగే, "ఇంకా ఆడుతోందా ఈవిడ!" అన్నారు. నేను ఆయన ముఖం చూశాను. అది మెచ్చుకోలా, జాలా? ఆయనకీ తెలియదేమో. ఒకసారి వినగానే తేలే మాట కాదది.

నా మనసు మాత్రం వీనస్ దగ్గర ఆగలేదు. మనవైపుకే, హైదరాబాద్‌కే వచ్చేసింది. 2005 ఫిబ్రవరి నాకు బాగా గుర్తు. పద్దెనిమిదేళ్ల సానియా మీర్జా హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో అల్యోనా బోండరెంకోని మూడు సెట్లలో ఓడించింది. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయ మహిళ. అంతకు కొన్ని వారాల ముందే మెల్‌బోర్న్‌లో, ఆస్ట్రేలియన్ ఓపెన్లో మూడో రౌండ్ దాకా వెళ్లి సెరెనా విలియమ్స్ చేతిలో ఓడింది. అదే ఏడు యూఎస్ ఓపెన్లో నాలుగో రౌండ్. బిష్టుపూర్ రామమందిరంలో ఆ ఏడాది శ్రీరామనవమికి చేరిన తెలుగు ఆడవాళ్ల మాటల్లో పానకం ఎంత ఉందో సానియా అంత ఉంది. ఆమె పుట్టింది ముంబైలో, పెరిగింది హైదరాబాద్‌లో. ఇంత దూరాన మాకు ఆ తేడాలేవీ పట్టలేదు. మన పిల్ల, అంతే. ఆరేళ్లకి రాకెట్ పట్టినప్పుడు తాను ఆడింది పేడతో అలికిన కోర్టుల మీద అని ఆమే తర్వాత చెప్పింది. అది విన్నప్పుడు నా కళ్ల ముందు మామ్మ ముంగిలి మెదిలింది. పేడనీళ్లు చల్లి, అలికి, ఆరాక ముగ్గు. ఆ ముగ్గు గీతల చోట టెన్నిస్ గీతలు వేసుకుని ఒక చిన్నపిల్ల ఫోర్‌హ్యాండ్ కొడుతోంది. అక్కడి నుంచి వింబుల్డన్ పచ్చిక దాకా ఎన్ని వేల బంతులో.

ఆ రోజుల్లో మా నాన్న ఉండేవారు. బ్లాస్ట్ ఫర్నెస్‌లో పని చేసి రిటైరయిన మనిషి. ఆటల్లో ఆయనకి ఫుట్‌బాలే ఆట. టెన్నిస్ లెక్కలు అర్థమయ్యేవి కావు. ఒకసారి ర్యాంకు అంటే ఏమిటో నా చేత చెప్పించుకున్నారు. గడిచిన 52 వారాల్లో సంపాదించిన పాయింట్లే లెక్క. పోయినేడు ఈ వారం గెలిచిన టోర్నీ పాయింట్లు ఈ ఏడు ఈ వారానికి రాలిపోతాయి. మళ్లీ గెలిస్తే నిలబడతావు, లేకపోతే జారిపోతావు. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే పీఎఫ్ లేదన్నమాట ఆ పిల్లకి," అన్నారు. ఆయన నవ్వడానికి అనలేదు. ఫర్నెస్ వేడికి చేతుల మీద వెంట్రుకలు మొలవని మనిషి ఆయన. ఏ నెల కష్టం ఆ నెల పుస్తకంలో జమ పడి, వడ్డీతో పెరిగి, చివరికి ఒకరోజు చేతికి వస్తుందన్న నమ్మకం మీద ముప్పై ఏడేళ్లు నెట్టుకొచ్చారు. సంపాదించింది ఏడాదికి ఆవిరైపోయే ఉద్యోగాన్ని ఊహించడానికి ఆయనకి కష్టమైంది. నాకూ అంతవరకు తట్టలేదు. ఇరవై ఏళ్లు ఆడిందంటే, ఒక ఏడాదిని ఇరవై సార్లు మొదటి నుంచి కూడబెట్టిందని కదా.

ఈ ఊరికి కొన్ని సంవత్సరాలు కంఠస్థం. ఇక్కడి ఉక్కు కంపెనీ చరిత్ర చెప్పేవాళ్లు వాటిని ఎక్కాలు అప్పజెప్పినట్టు చెబుతారు: ఎనిమిది గంటల పనిదినం 1912లో, జీతంతో సెలవు 1920లో, ప్రావిడెంట్ ఫండ్ అదే ఏడు, ప్రసూతి ప్రయోజనం 1928లో. చిన్నప్పుడు స్థాపక దినోత్సవం నాడు, మార్చి 3న, జూబిలీ పార్కులో దీపాలు చూస్తూ ఈ అంకెలు విన్నాం గానీ వాటి బరువు తెలియలేదు. టెన్నిస్ క్రీడాకారిణులకి జీతంతో కూడిన ప్రసూతి సెలవు వచ్చింది 2025లో. 1928 ఎక్కడ, 2025 ఎక్కడ! అంతకు ముందు బిడ్డని కనాలంటే ఆటతో పాటు రాబడీ ఆగేది, వెనక పాయింట్లు వారం వారం రాలుతూ ఉండేవి. పాత ర్యాంకుతో ఒక గడువు లోపల కొన్ని టోర్నీల్లో ప్రవేశించే వీలు ఉండేది. తల్లులకి ఆ గడువు బిడ్డ పుట్టినప్పటి నుంచి మూడేళ్లుగా మారింది 2019 నుంచి. సానియా కొడుకు ఇజాన్ పుట్టింది 2018 అక్టోబరులో. అంటే ఆ వెసులుబాటు సరిగ్గా ఆమె తలుపు దగ్గరికే వచ్చింది. ఇంకొన్నేళ్లు ముందు తల్లి అయి ఉంటే? ఎంతమంది ఆ గడువు చాలక ఆగిపోయారో. వాళ్లు ఆడని మ్యాచ్‌ల జాబితా ఏ పుస్తకంలోనూ ఉండదు.

ఫర్నెస్ గురించి నాన్న చెప్పే సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. ఒకసారి వెలిగించాక దాన్ని రాత్రీ పగలూ, పండగా పబ్బం లేకుండా ఏళ్ల తరబడి నడుపుతారు. ఆ కాలాన్ని క్యాంపెయిన్ అంటారు. లోపలి ఇటుక వేడికి అరిగి అరిగి ఒకనాటికి ఇక పనికిరాదనిపిస్తుంది. అప్పుడు చల్లార్చి, పాత ఇటుకంతా పెకలించి, కొత్త ఇటుక పేర్చి మళ్లీ వెలిగిస్తారు. దాన్ని రీలైనింగ్ అంటారు. పేరు పాతదే, పైతొడుగు పాతదే, లోపల మాత్రం కొత్తది. సానియా మణికట్టు గురించి చదివినప్పుడల్లా నాకు ఈ రీలైనింగే గుర్తొచ్చేది. 2007 ఆగస్టులో సింగిల్స్‌లో 27వ ర్యాంకు, భారతీయ మహిళ ఎవరూ అంత పైకి వెళ్లలేదు. 2008లో మణికట్టుకి శస్త్రచికిత్స. బీజింగ్ ఒలింపిక్స్‌లో నొప్పితో మ్యాచ్ మధ్యలోనే తప్పుకుంది. ఏ మణికట్టు విసురుతో ఆమె ఫోర్‌హ్యాండ్ బంతిని పిడుగులా పంపేదో ఆ మణికట్టే ముందు అరిగింది. 2013 నాటికి సింగిల్స్‌కి స్వస్తి చెప్పింది. 26 ఏళ్లు. ఆ వార్త చదివి, అయిపోయిందిలే పాపం అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఎందుకలా అనుకున్నాను? డబుల్స్‌ని నేను సగం ఆటగా లెక్కగట్టాను కాబట్టి. కోర్టులో సగమే కదా పరిగెత్తాలి, బరువులో సగమే కదా మోయాలి అని. సగం బరువు మోసేవాళ్లకి మిగతా సగం మోసే మనిషి ఎటు కదులుతుందో కూడా మోయాల్సి ఉంటుందని, అది వేరే నేర్పని, తర్వాత చూస్తూ చూస్తూ గానీ తెలియలేదు.

2015 ఏప్రిల్ 13న ఆమె డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. మొత్తం 91 వారాలు ఆ స్థానంలో ఉంది. ఆ జూలైలో వింబుల్డన్ ఫైనల్ మా ఇంట్లో అందరం కూర్చుని చూశాం. సానియా, మార్టినా హింగిస్ ఒకవైపు, మకరోవా, వెస్నినా అవతల. మూడో సెట్లో మనవాళ్లు 2-5 వెనక. వంటింట్లో కుక్కర్ కూస్తున్నా ఎవరం లేవలేదు. 5-5 దగ్గర చీకటి పడి ఆట ఆపి, కోర్టు పైకప్పు మూశారు. దీపాల వెలుగులో తిరిగొచ్చి 7-5తో గెలిచారు. తర్వాత ఆ జంట వరుసగా 41 మ్యాచ్‌లు ఓడలేదు. వింబుల్డన్, యూఎస్ ఓపెన్, 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్. అంతకు ముందే మిక్స్‌డ్ డబుల్స్‌లో మూడు గ్రాండ్‌స్లామ్‌లు, మహేశ్ భూపతితో రెండు, బ్రూనో సోరెస్‌తో ఒకటి. భూపతితో గెలిచిన ఆ రెండూ తప్ప, ఇదంతా అయిపోయిందిలే అనుకున్న తర్వాతే. ఇది ఏ 'ఇంకా'? గరిటె ఉన్నదా, లేనిదా?

ఆ మరుసటి ఏడు, 2016లో, ఆమె ఆత్మకథ వచ్చిన రోజుల్లో ఒక టీవీ ముఖాముఖిలో పేరున్న పాత్రికేయుడు ఆమెని మరి స్థిరపడేది ఎప్పుడని, తల్లి కావడం సంగతేమిటని అడిగారు. అప్పటికి ఆమె ప్రపంచ నంబర్ వన్, పెళ్లై ఆరేళ్లు. ఆమె నెమ్మదిగానే జవాబు చెప్పింది. నేను స్థిరపడలేదని మీకు అనిపిస్తోందా అన్నది. ఆడవాళ్లందరికీ మొదట పెళ్లి, తర్వాత పిల్లలు, అప్పటిదాకా ఎన్ని వింబుల్డన్‌లు గెలిచినా స్థిరపడనట్టే లెక్క అని చెప్పింది. ఆయన అక్కడికక్కడే, మగ ఆటగాణ్ని ఈ ప్రశ్న అడిగి ఉండేవాణ్ని కాదని ఒప్పుకుని, క్షమాపణ కోరారు. ఆ ముఖాముఖి చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన మీద కోపంతో కాదు. ఆ ప్రశ్న నేనూ ఎందరినో అడిగాను. పరామర్శ అనుకునే అడిగాను.

నన్నూ అడిగారు. నాకు టెన్నికాయిట్ బాగా వచ్చు. రింగు గాలిలో ఎటు వంగుతుందో విసిరినవాళ్ల భుజం చూసి చెప్పగలిగేదాన్ని. ఎడమచేత్తో పట్టి, అదే ఊపులో నెట్ మీదుగా అవతలి మూలకి వాలేలా వదిలేదాన్ని. పదిహేడో ఏట వేసవిలో మా మేనత్త నా తలకి నూనె రాస్తూ, "ఇంకా ఆ రింగు పట్టుకుని ఎగురుతున్నావేటే?" అంది. ఆమె వేళ్లు ఎంత మెత్తగా ఉన్నాయో ఇప్పటికీ గుర్తు. ఎవరూ వద్దనలేదు. నాన్నయితే ఆడుకోమనే అన్నారు. అయినా మర్నాడు నేను వెళ్లలేదు. ఆ మర్నాడూ వెళ్లలేదు. తలుపు వెనక మేకుకి తగిలించిన రింగు, క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు తీసి చూస్తే, రబ్బరు బిగిసిపోయి పగుళ్లిచ్చి ఉంది. వద్దని ఎవరైనా గట్టిగా అని ఉంటే నేను ఎదురు తిరిగి ఉండేదాన్నా? ఏమో. గోడ కనిపిస్తే కదా ఎక్కి దూకేది. ఆ మాట గోడలా లేదు, నూనెలా ఉంది, మెల్లగా మాడులోకి ఇంకిపోయింది.

అందుకేనేమో ఈ ఊళ్లో గరిటె పట్టుకున్న 'ఇంకా' ఎక్కడ కనిపించినా నేను ఆగి చూస్తాను. 1984 మేలో ఎవరెస్ట్ ఎక్కిన తొలి భారతీయ మహిళ బచేంద్రి పాల్ ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఇక్కడే ఉద్యోగం చేస్తూ ఎందరికో కొండలెక్కడం నేర్పారు. ఆమె దగ్గర నేర్చుకున్న ప్రేమలతా అగ్రవాల్ మా జంషెడ్‌పూర్ గృహిణి, ఇద్దరు ఆడపిల్లల తల్లి. ముప్పై ఐదు దాటాక కొండల దారి పట్టి, 2011 మేలో 48వ ఏట ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడ్డారు. 2013కల్లా ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలన్నీ ఎక్కేశారు. 2022లో యాభై దాటిన ఆడవాళ్ల బృందాన్ని వెంటేసుకుని బచేంద్రి పాల్ అరుణాచల్ నుంచి లద్దాఖ్ దాకా హిమాలయాల వెంట నెలల తరబడి నడిచారు. వాళ్లలో ప్రతి ఒక్కరి ఇంట్లోనూ బయల్దేరే ముందు ఎవరో ఒకరు ఆ రెండక్షరాల మాట అనే ఉంటారు. ఏ గొంతుతో అన్నారో గానీ.

ఇజాన్ పుట్టాక సానియా 26 కిలోలు తగ్గింది. 2020 జనవరిలో హోబర్ట్‌లో తిరిగి ఆడిన మొదటి టోర్నీలోనే నాదియా కిచెనోక్‌తో డబుల్స్ టైటిల్ గెలిచింది. తర్వాత కరోనా, ఖాళీ గ్యాలరీలు, టోక్యోలో నాలుగో ఒలింపిక్స్. 2021లో ఆస్ట్రావాలో జాంగ్ షువాయ్‌తో గెలిచిన టైటిల్ ఆమె 43వ డబుల్స్ టైటిల్. అదే చివరిది. 2023 జనవరిలో మెల్‌బోర్న్‌లో మిక్స్‌డ్ ఫైనల్ రోహన్ బోపన్నతో ఆడింది. పద్నాలుగో ఏట తన మొదటి మిక్స్‌డ్ జోడీ కూడా అతనే. ఓడాక మైకు పట్టుకుని, పద్దెనిమిదేళ్ల క్రితం సెరెనాతో ఆడిన మ్యాచ్‌ని తలుచుకుని గొంతు పూడుకుపోయి ఆగింది. నాలుగేళ్ల కొడుకు కోర్టులోకి పరిగెత్తుకొచ్చాడు. చివరి టోర్నీ ఆ ఫిబ్రవరిలో దుబాయ్‌లో, మాడిసన్ కీస్‌తో కలిసి, మొదటి రౌండ్లోనే 4-6, 0-6. ఆ సున్నా నన్ను చాలా రోజులు బాధపెట్టింది. ఇన్నేళ్ల ఆటకి ముగింపు ఇదా అనిపించింది. మార్చి 5న హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో సొంత ఊరి ముందు వీడ్కోలు మ్యాచ్‌లు ఆడినప్పుడు గానీ మనసు కుదుటపడలేదు.

నాన్నకి ఆ బాధ లేదు. ఆయన చివరి రోజు ఎప్పుడో ఆయన ఉద్యోగంలో చేరిన రోజే రాసి పెట్టి ఉంది. అరవై నిండిన నెలాఖరున దండ, శాలువా, గోడ గడియారం, గ్రూప్ ఫొటో. ఎవరూ ఆయన్ని ఇంకా వస్తున్నావేటని అడగలేదు, ఆయనా తనని తాను అడుక్కోవాల్సి రాలేదు. సానియాకి ఆ తేదీ ఎవరూ ఇవ్వలేదు. ప్రతి ఉదయం మోకాలిని, మణికట్టుని, నిద్రపోతున్న పిల్లవాణ్ని చూసి తానే అడుక్కుని, తానే చెప్పుకుని, ఏ రోజు జవాబు ఆ రోజుకే. రెండింట్లో ఏది తేలిక? రిటైరయ్యాక నాన్న రాత్రిళ్లు అరుగు మీద కూర్చునేవారు. స్లాగ్ పారబోస్తే ఆకాశం ఎర్రబడేది. గడియారం చూసుకుని, ఇది ఫలానా ఫర్నెస్‌ది అని చెప్పేవారు. అలా చెప్పడం ఆయన చాలా ఏళ్లు మానలేదు.

పోయిన వారం నాలుగు రోజులు ఆ కోర్టు ఖాళీగా ఉంది. తురాయి పూలు రాలి, ఏరేవాళ్లు లేక, ఎర్రమట్టి మీద ఇంకా ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. అప్ప గమనించలేదు, నేను అడగలేదు. ఆ నాలుగు రోజులూ నడక నాకు రుచించలేదు. ఆవిడ పేరు కూడా నాకు తెలియదు, ఎవరిని అడగను? ఐదో రోజు మలుపు తిరగకముందే చప్పుడు వినిపించింది. రెండో మోకాలికి కూడా పట్టీ ఉంది. మార్కర్ బంతులు కాస్త మెల్లగా, కాస్త దగ్గరగా వేస్తున్నాడు. నేను కంచె పట్టుకుని నిలబడ్డాను. బుట్ట ఖాళీ అయ్యేదాకా కొట్టింది. తర్వాత ఇద్దరూ చెరో వైపు నుంచి వంగి, పూలు పక్కకి తోస్తూ, బంతులు ఏరి బుట్టలో వేయసాగారు.